లుకలాం రామప్ప పంతులు

మా మేనత్త శంకరాభరణాన్ని చివరిదాకా ‘తాసిల్దారు సినిమా’ అనే పిలిచింది.

ఆ సినిమా 1980 ఫిబ్రవరి 2న విడుదలైతే, ప్రింటు మా కాశీబుగ్గ దాకా వచ్చేసరికి జీడిపిక్కలు రాలే కాలం వచ్చేసింది. ఉద్దానంలో ఆ రోజుల్లో ఎవరికీ తీరుబడి ఉండదు. తెల్లారకముందే తోటలోకి పోవాలి, రాలినవి ఏరాలి, పండుని మెలిపెట్టి పిక్క తీయాలి, ఎండేయాలి, బస్తాకెత్తాలి. చీర మీద జీడి మరక పడిందంటే ఎన్ని ఉతుకులు ఉతికినా వదలదు. అలాంటి మరకల చీరే కట్టుకుని మేనత్త, ఆవిడతో ఇంకో నలుగురు ఆడాళ్లు, వెనకాల నేను, వజ్రపుకొత్తూరు వైపు నుంచి బస్సెక్కి వచ్చాం. నేల టిక్కెట్టు. నేను రెవెన్యూలో గుమాస్తాగా చేరి అప్పటికి రెండేళ్లు.

తెరమీద శంకరశాస్త్రి ఉత్తరీయం సర్దుకుంటూ నడిచి వస్తున్నాడు. మేనత్త నా భుజం గోకింది.

“ఆయనెవలు బావు? మన తాసిల్దారుగోరిలా నడుస్తన్నాడు.”

“తాసిల్దారు కాదత్తా, అంతకంటే పెద్దాయన. డిప్యూటీ కలెక్టరు.”

“ఆపీసరుకి ఈ పాటలెలా వొస్తాయి?”

“పాట ఆయనది కాదు. బాలసుబ్రహ్మణ్యం పాడాడు.”

కాసేపు ఊరుకుంది. మళ్లీ గోకింది. “మరి ఆ గొంతు మీద నరం ఎవలిది?”

తర్వాత, శంకరశాస్త్రి వేషం కట్టిన జె.వి. సోమయాజులు నటన మీద చాలా వ్యాసాలు చదివాను. ఆ నరం సంగతి ఎవరూ మా మేనత్తంత సూటిగా పట్టుకోలేదు.

ఆయన గురించి రాసేవాళ్లంతా శంకరాభరణంతో మొదలెట్టి శంకరాభరణం దగ్గరే ఆగిపోతారు. ఎక్కడో కూర్చున్న పెద్దమనిషిని దర్శకుడు కె. విశ్వనాథ్ చేయి పట్టి తీసుకొచ్చి తెరమీద నిలబెట్టినట్టుగా చెబుతారు. అప్పటికి ఆయన వయసు 51. అందులో పాతికేళ్లకు పైగా, పగలు కచేరీ పని, రాత్రి రంగస్థలం. మా ఉత్తరాంధ్ర గుమాస్తాలకు ఆయన శంకరశాస్త్రి కంటే చాలా ముందే తెలుసు, రామప్ప పంతులుగా.

టెక్కలి నుంచి శ్రీకాకుళం వెళ్లే పెద్ద రోడ్డు మీద నరసన్నపేట వస్తుంది. ఆ పక్కదే లుకలాం. అక్కడి అగ్రహారంలో 1928లో పుట్టాడు జొన్నలగడ్డ వెంకట సోమయాజులు. తమ్ముడు రమణమూర్తి 1933లో పుట్టాడు. రెవెన్యూవాణ్ని కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. సోమయాజులు పుట్టిననాటికి ఆ ఊరు గంజాం జిల్లాలో ఉంది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు విశాఖపట్నం జిల్లాకు వచ్చింది. 1950లో శ్రీకాకుళం జిల్లా పుట్టాక ఇందులోకి వచ్చింది. ఉన్నచోట నుంచి అంగుళం కదలకుండానే మూడు జిల్లాలు చూసిన ఊరు. మా టెక్కలి, సోంపేటల కథా ఇదే. పాత రికార్డు కోసం ఎవరైనా వస్తే ‘ఏ జిల్లా రికార్డు?’ అని ముందు మేమే తికమకపడేవాళ్లం.

అన్నదమ్ములు పెరిగింది విజయనగరంలో. అదే వాళ్ల అదృష్టం. 1892లో గురజాడ కన్యాశుల్కం మొదటిసారి ఆడిన ఊరది. 1897లో అచ్చయిన ఆ నాటకాన్ని గురజాడే తిరగరాసి పెంచి 1909లో మళ్లీ వేశాడు. ఇప్పుడు మనందరం చదివేది ఆ రెండోదే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఆడితే ఒక రాత్రికి తెమలదు. చదివి మురిసిపోవడానికే తప్ప ఆడడానికి పనికిరాదని తీర్మానించినవాళ్లు చాలామంది. 1953లో ఈ అన్నదమ్ములు దాన్ని కుదించి, ఒక పూటలో చూసి ఇంటికెళ్లేలా చేసి వేదికెక్కించారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్ప పంతులు. అలా మొదలైనది దశాబ్దాలపాటు నడిచింది. సోమయాజులు ఒక్కరే ఆ వేషం 500 సార్లకు పైగా కట్టారని చెబుతారు.

1955లో కన్యాశుల్కం సినిమాగా వచ్చింది. గిరీశం ఎన్.టి. రామారావు, మధురవాణి సావిత్రి, రామప్ప పంతులు సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. గొప్పవాళ్లు, కాదనను. కానీ మా వైపు గుమాస్తాల్లో చాలామందికి గిరీశమంటే రమణమూర్తే. ఆ మాట అన్నందుకు ఒకసారి కోస్తా జిల్లాల మిత్రుడొకడు నాతో వారం మాట్లాడలేదు.

రామప్ప పంతుల్ని మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు. రామచంద్రపురం అగ్రహారంలో ఉంటాడు. కోర్టు వ్యవహారాలు నడిపిస్తాడు, దొంగకాగితాలు పుట్టిస్తాడు, సంబంధాలు కుదిరిస్తాడు, ప్రతిదాంట్లోనూ తన వాటా తాను చూసుకుంటాడు. తనంత మగాడు, తనంత తెలివైనవాడు జిల్లాలో లేడని నమ్మకం. ఆయన ఉంచుకున్న మధురవాణి మాత్రం ఆయన్ని వేలి మీద ఆడిస్తుంది. పెళ్లికూతురికని అరువిచ్చిన కంటె తిరిగి తెచ్చి ఇచ్చేదాకా గుమ్మం తొక్కనివ్వదు. ఆ కంటె కోసం పంతులు పడే పాట్లు చూస్తే నవ్వాగదు.

ఈ రామప్ప పంతుళ్లు మాకు కొత్త కాదు. తాలూకాఫీసు అరుగు మీద రోజుకు ముగ్గురు తగిలేవారు. చంకలో సంచి, సంచిలో ఎవరివో కాగితాలు, చెవిలో పెన్సిలు. కరణంగారి దగ్గర ఒకమాట, మునసబుగారి దగ్గర ఒకమాట. ఆఫీసరు గదిలోకి వెళ్లకుండానే, వెళ్లొచ్చినట్టు బయట రైతుకు చెప్పేవారు. “అయ్యగారితో మాట్టాడేశాను, పనైపోయినట్టే.” 1984లో కరణాలు, మునసబులు పోయాక కూడా ఈ జాతి పోలేదు. చంకలో సంచి బదులు చేతిలో ఫోన్ వచ్చింది, అంతే. రెవెన్యూలో పైకొచ్చి డిప్యూటీ కలెక్టరైన మనిషి ఇలాంటివాళ్లను ఎంతమందిని చూసి ఉంటాడో లెక్కేసుకోండి. నటుడికి ఇంతకంటే పెద్ద బడి ఎక్కడుంది? ఇది నా ఊహే, కానీ ముప్పై ఏళ్లు అదే బల్ల దగ్గర కూర్చున్నవాడి ఊహ.

నేనూ ఒకసారి రామప్ప పంతులు వేషం కట్టాను. చెప్పుకోవడానికి సిగ్గేగానీ, చెప్పకపోతే ఈ వ్యాసం సగమే.

అప్పట్లో మా ఉద్యోగులకు నాటకాల పిచ్చి ఉండేది. ఇదేదో మా ఒక్క జిల్లా సంగతి కాదు. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన దగ్గర్నుంచీ తెలుగునాట ఔత్సాహిక నాటకరంగాన్ని మోసింది చాలావరకు గుమాస్తాలు, బడిపంతుళ్లు, రైల్వేవాళ్లు, ప్లీడర్లే. సాయంత్రం అయిదుకి ఫైళ్లు కట్టేసి, అయిదున్నరకి అదే గదిలో బల్లలు పక్కకు జరిపి రిహార్సలు. ఆడపాత్రకు విజయనగరం నుంచో విశాఖ నుంచో నటిని పిలిపించడానికి జీతంలోంచి చందాలు. ఉద్దానం ఊళ్లలో వేదికంటే కొబ్బరాకుల పందిరి, రెండు పెట్రోమాక్స్ లైట్లు. గాలి సముద్రం మీంచి వీస్తే తెర పొట్ట ఉబ్బేది, పాత్రధారి మాట వెనక్కి పోయేది. పక్క ఊళ్లో తప్పెటగుళ్లు గానీ తూర్పు భాగవతం గానీ ఉంటే మా నాటకానికి ముసలమ్మలు, నిద్రపోయే పిల్లలే మిగిలేవారు.

అలాంటి పందిరి కింద, సోంపేట దగ్గర ఒక ఊళ్లో, నేను రామప్ప పంతుల్ని. జనాన్ని నవ్వించాలని ముందే తీర్మానించుకున్నాను. కళ్లు తిప్పాను, నడుం ఊపాను, ప్రతి మాటకీ ఒక విరుపు. మొదటి పావుగంట నవ్వారు. తర్వాత ఆగిపోయారు. మధురవాణితో ఉన్న రంగాలైతే చచ్చిపోయాయి. దిగాక మా హెడ్ గుమాస్తా, విజయనగరం మనిషి, సోమయాజులు ఆటలు చాలా చూసినవాడు, బీడీ ముట్టించుకుంటూ అన్నాడు: “నువ్వు రామప్ప పంతుల్ని చూసి నవ్వుతూ రామప్ప పంతులు వేశావురా. ఆయనకి ఆయన నవ్వులాటగా కనిపిస్తాడేటి? ఆయన తను జమీందారుననుకుంటాడు. ఆ దర్జా నువ్వు నమ్మితే జనం నవ్వుతారు.”

ఆ మాటతోనే నాకు శంకరశాస్త్రి అర్థమయ్యాడు.

రామప్ప పంతులుది లేని గౌరవం ఉందనుకునే దర్జా. శంకరశాస్త్రిది లోకం గౌరవించడం మానేసినా వంగని దర్జా. మొదటిదాంట్లో నవ్వుంది, రెండోదాంట్లో లేదు. వెన్నెముక మాత్రం రెండింటికీ ఒకటే. ఏళ్ల తరబడి వందల రాత్రులు ఆ వెన్నెముకను వేదిక మీద నిలబెట్టిన మనిషికి, కెమెరా ముందు అందులోంచి నవ్వు ఒక్కటీ తీసేస్తే సరిపోయింది. శంకరాభరణం ఆయనకు తొలి అడుగు కాదు. అప్పటికే పండిన పంటకు కోత.

ఈసారి సినిమా చూస్తే ఒక చోట ఆగి చూడండి. పెళ్లిచూపుల్లో కూతురు పాడుతూ పాడుతూ మనసు ఎటో పోయి స్వరం తప్పుతుంది. “శారదా!” అని ఒక్క కేక. దానికి ముందు ఆయన ముఖం చూడండి. కోపం ఇంకా రాలేదు. చెవికి తగిలింది, నమ్మలేదు, మళ్లీ విన్నాడు, అప్పుడు వచ్చింది. సంగీతం నేర్చినవాడికి అపస్వరం ఎక్కడ గుచ్చుకుంటుందో, లెక్కలు చూసే ఆఫీసరుకు తప్పు కూడిక సరిగ్గా అక్కడే గుచ్చుకుంటుంది. ఊళ్ల శిస్తు లెక్కలు తేల్చే జమాబందీ రోజుల్లో మా ఆఫీసరు ఒకాయన పద్దుల మీద వేలు నడిపిస్తూ ఒక అంకె దగ్గర ఆగేవాడు. ఆ వేలు ఆగిందంటే మాకు కింద చెమటలు. మా మేనత్త ‘తాసిల్దారు’ అన్నది ఊరికే కాదు.

మిగతా సంగతి లోకానికంతా తెలుసు. ఏడిద నాగేశ్వరరావు నిర్మాణం, జంధ్యాల మాటలు, బాలు మహేంద్ర కెమెరా, మహదేవన్ సంగీతం. జాతీయ పురస్కారాలు మహదేవన్‌కి, బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకి వచ్చాయి, సినిమాకు వచ్చింది. ఫ్రాన్స్‌లో బెసాన్సాన్ అనే ఊరి చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతీ వచ్చింది. సోమయాజులుకు జాతీయ ఉత్తమ నటుడి బహుమతి మాత్రం రాలేదు. నా లెక్కలో అది అపస్వరమే.

ఆ సమయంలో ఆయన రంగారెడ్డి జిల్లాలో డిప్యూటీ కలెక్టరు. ప్రభుత్వోద్యోగి సినిమాలో వేషమెలా కడతాడని పైకి ఫిర్యాదు వెళ్లిందని, అప్పటి ముఖ్యమంత్రి చెన్నారెడ్డి ఆ కాగితం చూసి శిక్ష వేయడం మానేసి ఆయన్ని సాంస్కృతిక శాఖకు డైరెక్టరుగా పంపారని మా ఆఫీసుల్లో కథలుగా చెప్పుకునేవారు. ఎవరు చెప్పినా చివర్లో ఒక నిట్టూర్పు ఉండేది. ఎందుకంటే మాలో చాలామందికి ఫిర్యాదులు వచ్చాయి గానీ చెన్నారెడ్డిలు రాలేదు.

నాకూ వచ్చింది. ఏ ఆఫీసో చెప్పను, ఆ మనుషులు ఇప్పుడు లేరు. సోంపేట వైపు ఆట ముగిసేసరికి తెల్లవారుజాము మూడు. తిరుగు బస్సు కంచిలి దగ్గర చెడిపోయింది. ఆఫీసుకు చేరేసరికి పదకొండున్నర, చెవుల వెనక ఇంకా రంగు. మర్నాడు మెమో. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా నాటకమునందు పాల్గొన్నందుకు మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను. హెడ్ గుమాస్తా నవ్వుతూ డ్రాఫ్టు రాసిచ్చాడు: రామప్ప పంతులు పాత్ర ధరించుటవలన ప్రభుత్వ ప్రతిష్ఠకు ఎట్టి భంగమూ వాటిల్లలేదని మనవి. ఆ వాక్యం చదివి ఆఫీసరు నవ్వలేదు. మందలింపుతో సరిపెట్టాడు. నేను మళ్లీ వేదికెక్కలేదు.

ఆఫీసర్లను పూర్తిగా తప్పుపట్టను. మా ప్రాంతంలో వేదికంటే భయపడిన కాలం ఒకటుంది. ఇదే ఉద్దానంలో, బొడ్డపాడులో, సుబ్బారావు పాణిగ్రాహి గుడిపూజ చేస్తూ జముకుల కథ చెప్పుకుంటూ ఊరూరా తిరిగి జనాన్ని శ్రీకాకుళం సాయుధ ఉద్యమంలోకి కదిలించాడు. 1969 డిసెంబరులో పోలీసు తూటాకు పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా వైపు నలుగురు చేరి పాట పాడితే కాగితం కదిలేది. లుకలాం మనిషి సర్కారు బల్ల దగ్గర కూర్చుని కళాకారుడయ్యాడు, బొడ్డపాడు మనిషి సర్కారు మీదికి వెళ్లి కళాకారుడయ్యాడు. రెండు ఊళ్లకూ మధ్య దూరం బస్సులో కొన్ని గంటలే.

శంకరాభరణం తర్వాత సోమయాజులు చాలా సినిమాల్లో కనిపించారు. బాపు తీసిన వంశవృక్షం, విశ్వనాథ్ సప్తపది నిలబడే పాత్రలు. సప్తపదిలో ఆచారం బిగబట్టిన ముసలాయన తన మనవరాల్ని ప్రేమించినవాడితో పంపేయడానికి తనలో తాను పడే పెనుగులాట, శంకరశాస్త్రి కంటే కష్టమైన నటన అంటాను నేను. 1981లో బాపుదే త్యాగయ్య అంతగా పట్టలేదు. 1946లో నాగయ్య చేసిన త్యాగయ్య జనం కళ్లలో ఇంకా కూర్చునే ఉన్నాడు. ఆ తర్వాత సినిమావాళ్లు ఆయన భుజం మీద ఉత్తరీయం వేసి, నుదుట విభూతి పెట్టి, అక్కడే కూర్చోబెట్టేశారు. తండ్రి, తాత, గురువు, జమీందారు. ఒక్క గుంటనక్క వేషం సరిగ్గా ఇచ్చి ఉంటే! తెలుగు సినిమాకు చేతిలో ఉన్న రామప్ప పంతులు కనబడలేదు.

తమ్ముడి దారి వేరు. రమణమూర్తి అన్నకంటే ముందే, 1957లో ఎం.ఎల్.ఎ. సినిమాతో తెరకెక్కాడు. మరోచరిత్ర, ఆకలిరాజ్యంలో తండ్రి వేషాలు గుర్తుండే ఉంటాయి. 2016లో పోయేదాకా ‘గిరీశం రమణమూర్తి’గానే బతికాడు.

సోమయాజులు 2004 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. పేపర్లో ఫొటో వేశారు. అప్పటికి మేనత్తకు చూపు మందగించింది. ఫొటోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి, “తాసిల్దారు పోనాడా” అని, పేపరు మడతపెట్టి దిండు కింద పెట్టుకుంది.

నా దగ్గరొక రేకు పెట్టె ఉండేది. అందులో మా నాటకాల కరపత్రాలు, రిహార్సలు నోటు పుస్తకాలు, హెడ్ గుమాస్తా పదవీ విరమణ రోజున నా చేతిలో పెట్టిన కన్యాశుల్కం కరపత్రం, ఆ మెమో కాగితం కూడా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా ఇంటికప్పు లేపేసింది. తోటలో కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచాయి. వాటికి నష్టపరిహారం లెక్క రాసుకున్నారు. పెట్టెలోది ముద్దయిపోయింది, దానికి లెక్క లేదు. అందరికంటే గట్టి కాగితం ప్రభుత్వానిదే. మెమో ఒక్కటే చదవడానికి వీలుగా మిగిలింది.

పలాస, టెక్కలి, సోంపేట, నరసన్నపేట వైపు పాత ఉద్యోగుల ఇళ్లల్లో అటకల మీద ఇలాంటి పెట్టెలు ఇంకా కొన్నయినా ఉంటాయి. మీ తాతో మామో వేషం కట్టినవాడైతే ఒకసారి నిచ్చెనేసి దింపండి. నాటకం కరపత్రం గానీ, వేషం వేసిన ఫొటో గానీ దొరికితే చిత్తుకాగితాలవాడికి వేయకండి, జీడిపప్పు పొట్లాలకూ ఇవ్వకండి. వెనకాల ఊరి పేరు, తేదీ, పాత్రధారుల పేర్లు పెన్సిలుతో రాసి పెట్టండి. వచ్చే తుపాను లోపు.